గీత లేని గుడ్డు

ఓబయ్య సామికి ఒక అలవాటు ఉంది. ఎవరేమడిగినా జవాబు చెప్పడు, ఏదో ఒక పని చెబుతాడు. గంపలల్లి బతికే మనిషి కాబట్టి ఆ పని చాలాసార్లు వెదురు చీల్చడమే అవుతుంది. సామిని ప్రశ్న అడిగితే చేతికి బొబ్బలొస్తాయని శిష్యులు వేళాకోళం చేసుకుంటారు.

మద్దిలేటి అడిగిన ప్రశ్నకు మాత్రం ఆయన వెదురు చూపించలేదు. అది నా కూతురి గురించిన ప్రశ్న. నేను అక్కడే ఉన్నాను.

నీలవేణి నా పెద్ద కూతురు. చిన్నది వాగులో కొట్టుకుపోయింది. దాని చెయ్యి పట్టుకుని దాటిస్తున్నది పెద్దదే. అప్పటి నుంచి దానికి మాట తగ్గింది, పోనుపోను మాటే లేదు. ఒకసారి బావి గట్టు మీద కనిపించింది. మళ్ళీ ఇంకోసారి కనిపించాక తీసుకొచ్చి సామి ఇంట్లో వదిలాను. అక్కడ పదిమంది దాకా పిల్లలు తత్వాలు నేర్చుకుంటూ గంపలల్లుతుంటారు. వాళ్ళంతా ఏరువాకకే చేరారు. మాది దసరా పోయాక చేరింది.

చలి ముదరకముందే, వచ్చి పిల్లను తీసుకుపొమ్మని మద్దిలేటి కబురు పెట్టాడు. అతను శిష్యుల్లో పెద్దవాడు. పిల్లల పాఠమూ తిండీ అతనే చూసుకుంటాడు. చెడ్డవాడు కాదు. నేను పోగానే, నీలవేణి పాట ఎత్తుకోదని, వెదురు ముట్టదని, దాని పక్కన కూర్చున్నవాళ్ళు కూడా పాడటం మానేస్తున్నారని చెప్పి, ఏమీ అనుకోవద్దక్కా అన్నాడు. ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

మధ్యాహ్నం బస్సు ఉంది. పిల్ల సంచి సర్దుకుని వసారాలో కూర్చుంది. నేను కూర్చోలేకపోయాను. గుమ్మానికీ వాకిలికీ తిరుగుతూనే ఉన్నాను. ఇంటికి పోతే బావి ఉంది. పూడ్పిద్దామంటే అది మా ఒక్కరిది కాదు, వాడకంతటికీ ఆ నీళ్ళే.

పోయే ముందు సామితో ఒక మాట చెప్పాలి కదా. మద్దిలేటే ముందు నోరు తెరిచాడు. నా ముఖం చూడకుండా, నిదానంగా అడిగాడు.

"ఒకరి లోపల ఏమీ లేదని ఎట్లా తెలుసుకోవాల సామీ? తెలిసినాక కూడా పెట్టుకోవడం న్యాయమేనా?"

సామి అల్లుతున్న గంపను పక్కన పెట్టాడు. పొదిగే పెట్ట కింద గుడ్లు చూడమని సుంకమ్మ నిన్నటి నుంచి పోరుతోందని, ఆ పని చూసిపెట్టమని మద్దిలేటితో అన్నాడు. సుంకమ్మ ఆయన భార్య. నన్ను కూడా రమ్మన్నాడు. బస్సుకు వేళవుతోందని అన్నాను. ఆయన అప్పటికే లేచాడు.

పెట్ట గింజల కొట్టులో ఒక గంపలో పొదుగుతోంది. చీకటి గది. కప్పు పెంకుల సందులోంచి ఎండ తాడులా దిగుతోంది. గుడ్డును గుప్పిట్లో ఆ ఎండకు అడ్డంగా పట్టి చూడాలి. పిల్ల కడుతుంటే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ లేకపోతే తేటగా ఉంటుంది. అలాంటిది తీసేయాలి, లేకపోతే మురిగి పగిలి పక్కవాటిని కూడా చెరుపుతుంది. పెట్టను కూర్చోబెట్టిన నాడే తను గుడ్లన్నిటి మీదా బొగ్గుతో గీత గీశానని సుంకమ్మ చెప్పింది.

మద్దిలేటి చెయ్యి పెట్టగానే పెట్ట ఈకలు పొంగించి మణికట్టు మీద పొడిచింది. దీని కిందినుంచి గుడ్డు తీయడం కంటే మా అత్త మొలలోంచి తాళంచెవి లాగడమే సులువప్పా అంది సుంకమ్మ. మద్దిలేటి నవ్వాడు. బస్సు ఇక్కడ ఆగుతుందా, రోడ్డు మీదికి పోవాలా అని నేను అడిగాను. ఎవరూ వినలేదు.

అతను ఒక్కొక్కటే ఎండకు పట్టి చూశాడు. ప్రతి దాంట్లోనూ నరాలున్నాయి. నాకూ చూపించాడు. ఒకదాంట్లో నల్లటి ముద్ద కదిలింది. నేను కళ్ళు తిప్పుకున్నాను. చివరికి రెండు గుడ్లు తేటగా తేలాయి. ఎటు తిప్పినా ఉత్త పసుప్పచ్చ వెలుగే.

వీటిలో ఏమీ లేదన్నాడు మద్దిలేటి.

గీత ఉందేమో చూడమన్నాడు సామి. లేదని, పెట్ట కింద రాపిడికి చెరిగిపోయి ఉంటుందని మద్దిలేటే సమాధానం చెప్పుకున్నాడు. చెబుతూ ఒకసారి నా వైపు చూశాడు. కళ్ళతో చూస్తే నేను ఆశ వదులుకుంటానని అనుకున్నాడు కాబోలు. పక్కనున్న సత్తుగిన్నె అంచు మీద ఒక గుడ్డును కొట్టాడు. సామి చెయ్యి చాపేలోగా అది గిన్నెలో పడింది.

పచ్చసొన మీద ఆవగింజంత ఎరుపు. దాని చుట్టూ వెంట్రుకల్లాంటి నరాలు. మద్దిలేటి గిన్నెను ఎండలోకి జరిపాడు. ఆ ఎరుపు కొట్టుకుంటోంది. నలుగురమూ వంగి చూశాం. కొట్టుకుంది. కొట్టుకుంది. నిదానించింది. తర్వాత లేదు.

నా నోటి నుంచి ఏదో శబ్దం వచ్చి ఉండాలి. నీలవేణి వసారాలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. సంచి భుజానికే ఉంది. గిన్నెను చూసిందో నన్ను చూసిందో చెప్పలేను.

సుంకమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "గీత చెరిగింది కాదు నాయనా, నేను గీసిందే కాదు. ఇది మేతకు లేచినప్పుడల్లా మా నల్లపెట్ట దూరి ఇందులోనే పెట్టిపోతా ఉంది. మొన్నో అటుమొన్నో పెట్టింటుంది. నిన్నగాక మొన్న వచ్చింది వెలుగులో నీకేం చూపిస్తుంది?"

రెండో గుడ్డు మద్దిలేటి చేతిలో ఉంది. పిడికిలి బిగిస్తే పగులుతుందేమో, వదులు చేస్తే పడుతుందేమో అన్నట్టు పట్టుకున్నాడు.

మరి దాంట్లో ఉందా సామీ అని నేనే అడిగాను.

తెలియదమ్మా అన్నాడాయన. ఉందని నాకు ధైర్యం చెప్పడానికైనా అనలేదు. ఈ రోజు ఎవరు చూసినా తెలియదు అన్నాడు.

మద్దిలేటి వంగి గుడ్డును మళ్ళీ పెట్ట కిందికి జరిపాడు. అది పొడిచింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గుడ్డు దాని పొట్ట కింద సర్దుకునేదాకా అలాగే ఉంచాడు. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. నేను గుమ్మం వైపు చూశాను. నీలవేణి కదల్లేదు. నేనూ కదల్లేదు. ఆ మోత దూరమైంది.

సుంకమ్మ గిన్నె మీద మూకుడు బోర్లించి బయటికి తీసుకుపోతూ, తనలో తను అనుకున్నట్టుగా అంది. ముందువి పిల్లలై బయటికొచ్చిన నాడు పెట్ట వాటిని వెంటేసుకుని దిబ్బల మీదికి లేచిపోతుంది. వెనక వచ్చిన దాని కోసం కూర్చోదు. అది గంపలోనే చల్లబడిపోతుంది. కోళ్ళు సాకిన ఏ ఇంట్లోనైనా ఇది తెలిసిన సంగతే.

నేను గుమ్మం దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చాను.

సామి తన అల్లిక దగ్గరికి పోవడానికి తిరిగాడు. మద్దిలేటి మాత్రం పెట్ట ముందు నుంచి లేవలేదు. మణికట్టు మీద రక్తపు చుక్క తుడుచుకోలేదు. ఒకసారి తలెత్తి గుమ్మంలో ఉన్న పిల్లను చూశాడు. అప్పుడు అడిగాడు.

"తక్కినవన్నీ లేచిపోయినాక దీనికి వెచ్చన ఎట్లా సామీ?"

సామి గడప దగ్గర ఆగాడు.

"ఇప్పుడడిగినావప్పా, అడగాల్సింది" అన్నాడు.