మిగిలినదాంట్లో సగం

కొర్రలేరు ఒడ్డున రేగుమాను అడవి ఉండేది. ఆ అడవిలో కుందేళ్లు, ముళ్లపందులు, నక్కలు, అడవిదున్నలు బతికేవి. ఏటి మధ్యలో చిన్న గుట్ట. దాని మీద తెల్లి అనే కుందేలు ముగ్గురు పసిపిల్లలతో కాపురం ఉండేది. పక్క బొరియలో సూదమ్మ అనే ముసలి ముళ్లపంది. రాళ్ల సందులో జంబయ్య అనే నక్క. కుందేలు పక్కన నక్క ఏమిటని అడక్కండి పిల్లలూ, జంబయ్య పీతలు తప్ప ఇంకేమీ ముట్టడు.

ఈ జంబయ్య ఎండాకాలమంతా అడవి అంచున ఉన్న బడి కిటికీ కింద పడుకుని, హైస్కూలు పిల్లల లెక్కలు విని వచ్చాడు. అప్పట్నుంచీ ఆయన కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఒకనాడు తెల్లారేసరికి ఏరు పొంగింది. మొదటి జాములో, అంటే తొలి మూడు గంటల్లో, గుట్టలో మూడో వంతు మునిగింది. రెండో జాములో, మిగిలినదాంట్లో సగం మునిగింది. ఆకాశంలో తిరుగుతూ చూసిన కొంగ ఒకటి ఈ కబురు చెప్పి ఎగిరిపోయింది. మిట్టమధ్యాహ్నానికి నీటిపైన మిగిలిన గుట్ట సరిగ్గా నాలుగు మూరలు.

బండయ్య అనే అడవిదున్న అప్పుడే తన దూడల్ని ఒడ్డుకు దాటిస్తున్నాడు. తెల్లినీ పిల్లల్నీ, సూదమ్మనీ, జంబయ్యనీ కూడా వీపు మీద దాటిస్తానని మాటిచ్చాడు. కాకపోతే తిరిగి రావడానికి రెండు గంటలు దాటుతుందనీ, మూడు గంటలు మాత్రం కానివ్వననీ చెప్పి వెళ్లాడు.

అంతసేపు ఈ నాలుగు మూరలూ ఆగుతాయా? తెల్లికి కాలు ఒకచోట నిలవడం లేదు. బొరియలోకి వెళ్తుంది, బయటికి వస్తుంది, పిల్లల్ని లెక్కపెట్టుకుంటుంది, మళ్లీ నీళ్లు చూస్తుంది. పిల్లలకి ఈత రాదు. వాళ్లకి ఇంకా కళ్లు కూడా సరిగ్గా తెరుచుకోలేదు.

"నేను తేలుస్తాను ఉండండి" అంటూ జంబయ్య బురదలో గోటితో రాయడం మొదలుపెట్టాడు. గుట్ట ఎత్తు మనకి తెలియదు కాబట్టి దానికి 'క' అని పేరు పెడదాం అన్నాడు. మొదట 'క'లో మూడో వంతు పోయింది, తర్వాత 'క'లో సగం పోయింది, మిగిలింది నాలుగు అన్నాడు. ఇటు రాశాడు, అటు కొట్టేశాడు, తోకతో చెరిపి మళ్లీ రాశాడు. చివరికి గుట్ట ఎత్తు ఇరవైనాలుగు మూరలని తేల్చాడు.

అంటే మొదటి జాములో ఎనిమిది మూరలు మునిగింది, రెండో జాములో పన్నెండు మునిగింది. వరద జోరు పెరుగుతోంది, ఈ జాములో పదహారు మూరలు పెరుగుతుంది. నాలుగు మూరలు మునగడానికి ముప్పావు గంట చాలు! ఇదీ జంబయ్య లెక్క.

"ఇప్పుడే దూకాలి" అన్నాడు జంబయ్య. "తెల్లీ, చిన్నదాన్ని నా వీపు మీద పెట్టు. ఒక్కదాన్నయినా బతికిస్తాను."

పాపం, ఆయన మనసులో కల్మషం లేదు. నిజంగానే అన్నాడు. తెల్లి చిన్నదాన్ని నోట కరుచుకుని రెండడుగులు వేసింది కూడా.

"ఆగు తల్లీ, ముందు అటు వెళ్లి ఒక రెల్లాకు కోసుకురా" అంది సూదమ్మ.

ఇల్లు మునిగిపోతుంటే ఆకేమిటని తెల్లికి ఒళ్లు మండింది. అయినా పెద్దదాని మాట తీసెయ్యలేక, పిల్లని బొరియలో దించి పొడవాటి ఆకు తెచ్చింది. ఇదే మన గుట్ట అనుకో అంది సూదమ్మ. మూడు సమాన మడతలు పెట్టమంది. మొదటి జాములో పోయిన మూడో వంతు ఇదీ అని ఒక మడత చింపి పారేయమంది.

"ఇప్పుడు నీ చేతిలో ఎన్ని మడతలున్నాయి?"

"రెండు, పిన్నీ."

"కొంగ ఏమంది? గుట్టలో సగం అందా, మిగిలినదాంట్లో సగం అందా?"

తెల్లి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మిగిలినదాంట్లో అనే అంది. మిగిలింది రెండు మడతలు, అందులో సగం ఒక మడత. అదీ చింపింది. చేతిలో ఒక్క మడత ఉంది. అది నాలుగు మూరలు. మూడు మడతలూ సమానమే కదా, కాబట్టి పోయినవి కూడా నాలుగేసి మూరలే. మొత్తం గుట్ట పన్నెండు మూరలు. వరద జోరు పెరగలేదు, జాముకి నాలుగు మూరల చొప్పునే ఎక్కుతోంది. ఇదే జోరు ఉంటే ఈ చివరి నాలుగు మూరలకీ ఇంకో జాము పడుతుంది. అంటే మూడు గంటలు.

జంబయ్య ఆకు వంక చూసి మూతి విరిచాడు. చిన్నపిల్లల ఆటలతో ప్రాణాలు నిలుస్తాయా అన్నాడు. నీ రాతలో తప్పు లేదు నాయనా, నువ్వు విన్న మాటలోనే తప్పుందని సూదమ్మ బతిమాలింది. ఆయన చెవిన వేసుకుంటేగా! "నువ్వు రాకపోతే నీ ఖర్మ" అని తెల్లితో అని దూకేశాడు. ఒడ్డుకి సగం దూరం వెళ్లేసరికి కొట్టుకొస్తున్న మాను ఒకటి తగిలింది. మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. ఆ తర్వాత ఆయన కనబడలేదు.

సూదమ్మ నీటి అంచున ఒక పుల్ల గుచ్చింది. ఇద్దరూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. కూర్చున్నారంటే సూదమ్మ కూర్చుంది, తెల్లి ఎక్కడ కూర్చుంటుంది? ముప్పావు గంట గడిచింది. నీళ్లు ఒక్క మూర పెరిగాయి. సరిగ్గా ఒక్కటే మూర. ఇంకో ముప్పావు గంటకి ఇంకో మూర. ఆకు చెప్పింది నిజమేనని తెలిసినా తెల్లి దడ తగ్గలేదు.

మూడో మూర కూడా మునిగే వేళకి బండయ్య కొమ్ములు కనిపించాయి. సూదమ్మ ముళ్లు దగ్గరికి ముడుచుకుని జాగ్రత్తగా ఎక్కింది. తెల్లి ఇద్దరు పిల్లల్ని దున్న మెడ మీద పెట్టి, చిన్నదాన్ని తనే పట్టుకుంది.

ఒడ్డుకి సగం దూరం వచ్చినప్పుడు నీళ్లు సుడి తిరుగుతూ కనిపించాయి. జంబయ్య మునిగిన చోటు అదే. రెండడుగులు వేసి ఆగకపోయి ఉంటే చిన్నది ఆయన వీపు మీదే ఉండేది. పొద్దుట్నుంచీ ఏడవని తెల్లి అప్పుడు ఏడ్చింది. బిడ్డ కోసం కొంత, జంబయ్య కోసం కొంత.

నీతి: లెక్క ఎంత గొప్పగా చేశామన్నది తర్వాత సంగతి, వంతు దేంట్లోదో ముందు సరిగ్గా వినాలి.