మీ ఇష్టం బాబూ

డాక్టరు వేదవల్లి గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని వార్డుకు బయల్దేరతారు. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న క్రాంతిధర్‌కు ఆ అలవాటు తెలుసు. తెలిసీ ఆ ఉదయం నిప్పులు కక్కుతూ వచ్చాడు. అతను నమ్మిన నినాదాలు నిజమైనవే. గొంతే కాస్త ఎక్కువ.

"ఎవరి ఒంటి మీద వాళ్లదే అధికారం మేడమ్! అందుకే పైడితల్లికి అంతా విడమరిచి చెప్పాను. షుగరు వల్ల వేలు కుళ్లింది, తీసెయ్యకపోతే కాలే పోతుంది, ప్రాణం మీదికీ రావచ్చు, నిర్ణయం నీదే అన్నాను. 'మీ ఇష్టం బాబూ' అంటుంది. నా ఇష్టమేమిటని అరిచాను. మళ్లీ అదే మాట! హక్కు తెచ్చి చేతిలో పెట్టినా పుచ్చుకోని మనిషిని ఏం చెయ్యాలి?"

ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు.

పైడితల్లి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వేదవల్లి గారు మంచం చివర కూర్చుని, వాచిన ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. బొటనవేలి పక్క వేలు నల్లబడింది. దానిలోకి వెండి మెట్టె కూరుకుపోయి ఉంది. క్రాంతిధర్ ఆ వేలిని రోజూ చూస్తున్నాడు. మెట్టెను ఇప్పుడే చూశాడు.

"ఇదేనా నీ బెంగ?" అన్నారు వేదవల్లి గారు.

పైడితల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన బతికుండగా ఈ వేలు తీసేస్తే మెట్టె ఎక్కడ పెట్టుకోనమ్మా? మగపిల్లాడితో ఈ మాట ఎలాగ చెప్పను?"

వరండాలో ఉన్న భర్త గవరయ్యను పిలిపించారు. సంగతి విని ఆయన తల కొట్టుకున్నాడు. "ఓసి పిచ్చిదానా! కాలుంటేనే కదే నా వెనకాల కేకలేస్తూ తిరుగుతావు! పక్కేలికి పెట్టుకో."

"పక్కేలికి పెడితే చెల్లుద్దేటి?"

"తొడిగేవోణ్ణి నేను కదేటి!"

వేదవల్లి గారు మెట్టె అంచులు మెల్లగా విప్పి తీసి, ఆయన చేతికిచ్చారు. ముసలాయన దాన్ని పక్క వేలికి తొడిగాడు. పైడితల్లి దానివంక చాలాసేపు చూసుకుంది. తరవాత క్రాంతిధర్ వైపు తిరిగింది.

"ఆ వేలు తీసెయ్యండి బాబూ. ఈ మెట్టె మాత్రం కదపకండి."

బయటికి వచ్చాక అతని గొంతు తగ్గింది. "అయితే నేనన్నది తప్పా మేడమ్? నిర్ణయం ఆవిడది కాదా?"

"ఆవిడదే నాయనా," అన్నారు వేదవల్లి గారు. "కాకపోతే ముందు కాలు పట్టుకోవాలి."