అధ్యక్షులవారి పిడికెడు యవలు

దసరా ఊరేగింపులో చిత్రభాను మహారాజు ఎక్కిన గుర్రాన్ని కుమ్మరివాళ్ల గాడిద దాటేసింది.

గాడిద మీద కుండలున్నాయి, గుర్రం మీద మహారాజున్నాడు. కుండలే ముందు కోట చేరాయి. వీధి పొడుగునా ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు గానీ, అంత నవ్వు కొంగులకు ఆగుతుందా?

మర్నాడు నిండు సభలో రాజు రంకె వేశాడు. "నా గుర్రం మేఘానికి ఏమొచ్చింది? ఒకప్పుడు గాలిలా పోయేది, ఇప్పుడు నిలబడే నిద్రపోతోంది!"

అశ్వాధ్యక్షుడు భుజంగరాయుడు లేచాడు. ఆయన మీసాలకు నూనె రాయడానికి ఒక మనిషి, దువ్వడానికి ఇంకో మనిషి. గుర్రాలను తోమడానికి మాత్రం ఎప్పుడూ మనుషులు చాలరు.

"తప్పు గుర్రానిది కాదు ప్రభూ. నాది అసలే కాదు. యవలది! రాళ్లపాడు మెట్టలో పండే ఆ బార్లీ గింజల్లో సారం లేదు. పూటకు రెండు మానికలు పోస్తున్నా మేఘానికి ఎముకలు తేలాయి. ఉలవలు తెప్పించండి."

ఉలవలు పండేది ఆయన బావమరిది పొలాల్లో. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. అందరూ తమ తమ కాలివేళ్లు చూసుకున్నారు.

"సారం లేని పంటకు నేలెందుకు? రాళ్లపాడు చేలన్నీ లాగేసుకుని పొదలు పెంచండి. నా వేటకు అడవి కావాలి!" అన్నాడు రాజు.

గాడిద చేతిలో ఓడిన కోపం ఎవరి మీదో ఒకరి మీద తీరాలి కదా. రైతులు ఎదురుగా లేరు, కాబట్టి వాళ్ల మీదే తీరింది.

రాళ్లపాడు ఆడపడుచు ఓబుళమ్మ అశ్వశాలలో లద్దె ఎత్తే మనిషి. పుట్టిన ఊరు అడవైపోతుందన్న మాట చెవిన పడగానే, తట్ట నెత్తిన, జల్లెడ చంకన పెట్టుకుని, నీళ్ల కడవ చేతపట్టుకుని తిన్నగా సభలోకి నడిచింది. భటులు ఆపబోయారు గానీ తట్టలో ఉన్నదేమిటో చూసి దారిచ్చారు.

"ఒసేయ్! లద్దె తెచ్చి సభలో పెడతావా?" భుజంగరాయుడు ముక్కు మూసుకున్నాడు.

"తమరి శాలదే అయ్యగారూ. తమరికి తెలిసిన వాసన అనుకున్నాను."

ఆమె తట్ట దించి, లద్దెను జల్లెడలో పోసి, కడవెడు నీళ్లు కుమ్మరించింది. పీచంతా కొట్టుకుపోయింది. జల్లెడలో మిగిలింది చూసి రాజు సింహాసనం దిగి వచ్చాడు.

"ఇవి... యవలే! పొట్టు కూడా ఊడలేదు!"

"అవును ఏలినవారూ. ఇవి తిన్న గింజలు కావు, గుర్రం కడుపులో షికారు చేసి వచ్చిన గింజలు. మెట్ట గింజకు పొట్టు గట్టిది. బస్తాలోంచి తీసి ఎండుగా, గుండుగా పోస్తే సగానికి సగం ఇలా దాటిపోతాయి. సారం లేక కాదు, సారం దగ్గరికి పన్ను చేరక."

"కట్టుకథ!" అన్నాడు భుజంగరాయుడు. "ప్రభూ, గుర్రపు దాణాలో విషముందేమోనని మొదటి పిడికెడు అశ్వాధ్యక్షుడు తినాలని మన ఆచారం. ఆరేళ్లుగా ప్రతి పూటా ఆ యవలే తింటున్నాను. అందులో ఏముందో నాకంటే ఈ తట్టమనిషికి తెలుసా?"

ఓబుళమ్మ ఆయన్ని కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది.

"ఏలినవారే చూడండి. ఆరేళ్లుగా ఇద్దరికీ ఒకటే గింజ. ఒకరికి ఎముకలు తేలాయి, ఒకరికి మొలతాడు మూడుసార్లు మార్చారు. గింజలో సారం లేకపోతే ఈ పొట్ట ఎక్కడిది?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. దగ్గినట్టు సర్దుకున్నారు.

"నా పిడికెడూ ఆ బస్తాలోదే! అమ్మతోడు!" అన్నాడు భుజంగరాయుడు.

"బస్తా అదే. అబద్ధమని నేనన్లేదు. కానీ అయ్యగారి పిడికెడు ముందు నానుతుంది, తర్వాత నలుగుతుంది, ఆపైన నేతిలో బెల్లంతో ఉడుకుతుంది. నలిపేది నేనేగా, నా చేతులకు తెలీదా? ఉడికిన పిడికెడు అయ్యగారికి, ఎండు మానికలు మేఘానికి. మహారాజా, నాకు వేరే వరమేమీ వద్దు. గుర్రం తిన్నట్టే అధ్యక్షులవారు ఒక్క పిడికెడు తిని చూపిస్తే, మా ఊరు అడవైపోయినా నోరెత్తను."

రాజుకు ముచ్చటేసింది. "కానివ్వు భుజంగా!"

కొత్త బస్తా విప్పి, వెండి పళ్లెంలో పిడికెడు యవలు తెచ్చారు. భుజంగరాయుడు మీసం మెలేసి నోట్లో పోసుకున్నాడు. నమిలాడు. బుగ్గ ఇటు ఉబ్బింది, అటు ఉబ్బింది. కళ్లు తేలేశాడు. పొట్టు గొంతుకు అడ్డం పడింది. కటుక్కున ఏదో విరిగింది, అది గింజ మాత్రం కాదు.

దవడ పట్టుకుని, కన్నీళ్లతో, నిండు సభలో ఆయనే అన్నాడు: "ప్రభూ... కాస్త నానబెట్టి... నలిపి ఇస్తే... ఎన్నయినా తింటాను!"

ఓబుళమ్మ చేతులు జోడించింది.

"మేఘం ఆరేళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే ఏలినవారూ. దానికి నోట మాట లేదు, ఇవాళ అధ్యక్షులవారు దాని తరఫున చెప్పారు!"

సభ గొల్లుమంది. రాజు నవ్వి నవ్వి స్తంభం పట్టుకున్నాడు. ఊపిరి తిరిగాక, రాళ్లపాడు చేల జోలికి ఎవరూ పోకూడదన్నాడు. ఇకనుంచి గుర్రాలన్నిటికీ నానబెట్టి నలిపిన యవలే పెట్టాలనీ, దాణాశాల పెత్తనం ఓబుళమ్మదేననీ శాసనం చాటించాడు. తన చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు.

"ఇంకేం కావాలో అడుగు ఓబుళమ్మా!"

"నలపడానికి పెద్ద తిరగలి కావాలి ప్రభూ. ఇద్దరు పట్టి తిప్పేది."

"ఇచ్చాం. నీకు తోడు తిప్పడానికి ఎవరు కావాలి?"

ఓబుళమ్మ భుజంగరాయుడి వైపు తిరిగి, "నమలడం ఎలాగూ కుదర్లేదు, అయ్యగారిని తిప్పమనండి!" అంది.