గవరయ్య నక్క ఫ్రెంచి జనాభా లెక్క

ఈ కథ చెబుతున్నవాడికి ఫ్రెంచి రాదు. వినేవాళ్ళకీ వచ్చి ఉండదన్న ధైర్యమే అతని పెట్టుబడి. భూగోళం కూడా అంతంతమాత్రమే. తూర్పు ఎటో తెలియాలంటే పొద్దున్నే లేవాలి, అతనికి ఆ అలవాటు లేదు.

గోదావరి సముద్రంలో కలవబోయే ముందు, ఇంక తొందరేముందిలే అన్నట్టు పాయలు పాయలుగా విడిపోయి తిరిగే చోట ఒక సీమ ఉంది. దానికి ఒక పక్క ఏరు, ఇంకో పక్క మడుగు. మడుగంటే చిన్న గుంట అనుకునేరు. ఈ ఒడ్డున నిలబడ్డ కొంగకి ఆ ఒడ్డున నిలబడ్డ కొంగ బియ్యపు గింజంత కనబడేది. రెంటికీ మధ్య గట్టు, గట్టుకో తూము, తూముకో చెక్కతలుపు. పోటు వేళ సముద్రపు ఉప్పునీళ్ళు ఏట్లోకి ఎగదన్నేవి, పాటు వేళ వచ్చిన దారినే దిగిపోయేవి. తలుపు మూసి ఉంటే మడుగు నిండుగా, తియ్యగా ఉండేది. తెరిస్తే పోటుకి ఉప్పెక్కిపోయేది, పాటుకి ఖాళీ అయిపోయేది. కాబట్టి ఆ సీమ భూగోళమంతా ఒక చెక్కముక్క మీద నిలబడి ఉందన్నమాట.

ఇక జనాభా. మడుగు పక్కన గేదెలు, నీటికోళ్ళు, బాతులు, తమని తాము కూడా లెక్కపెట్టుకోలేనన్ని కప్పలు. ఏటి పక్కన పీతలు, బురదలో గెంతే చేపలు, ఒక పంది, వీటన్నిటికీ పెద్దగా గవరయ్య అనే నక్క.

ఒకప్పుడు ఫ్రెంచి దొరలు ఏలిన నేల అవడం చేత ఇక్కడి జంతువులన్నీ తాము ఫ్రెంచి మాట్లాడే జనమని చెప్పుకునేవి. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయాక మిగిలినవి మూడే మాటలు. ఎదురుపడితే బోంజూరు, ఏదైనా పెడితే మెర్సీ, ఏదైనా అడిగితే వ్వి, అంటే అవునని. మిగతాదంతా తెలుగే, కాకపోతే ముక్కుతో. ఎంత ముక్కుతో మాట్లాడితే అంత చదువుకున్నట్టు. పడిశం పట్టినవాళ్ళకి, అది తగ్గేదాకా, ఇంటా బయటా మర్యాద జరిగేది.

ఏటా ఎండలు ముదరకముందే ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు ఏ పక్క ఎక్కువుంటే ఆ పక్క పెద్దకి తూము తలుపు అప్పగించడం ఆచారం. కప్పల పుణ్యమా అని ఎప్పుడూ మడుగు పక్కే గెలిచేది. వాళ్ళ పెద్ద, బుల్లెబ్బాయి అనే ఎద్దు. ఆ తలుపెత్తగల మెడ ఆయనకొక్కడికే ఉంది గనక పేచీ ఎవరూ పెట్టలేదు. పెద్దరికం ఎవరి చేతికొచ్చినా, వాళ్ళు చెప్పినప్పుడు ఎత్తాల్సిందీ ఆయనే.

గవరయ్యకి ఆ పెద్దరికం మీద మనసుపడింది. అమావాస్య పాటుకి ఒక్కసారి, ఒకే ఒక్కసారి తలుపెత్తించగలిగితే మడుగంతా ఏట్లోకి జారిపోతుంది. చేపలన్నీ బురదలో వెల్లకిలా పడి తన కోసం ఎదురుచూస్తాయి. ఆ తర్వాత మడుగేమవుతుంది అన్న ఆలోచన కూడా అతనికి రాకపోలేదు. వచ్చింది, కాసేపు కూర్చుంది, వెళ్ళిపోయింది. పుట్టింది మొదలు పీతలు తిని బతికిన ప్రాణం. పీతలూ ఊరుకోలేదు. చిన్నప్పుడే ఒకటి అతని ముక్కు పట్టుకుని వేలాడి, దాన్ని శాశ్వతంగా ఒక పక్కకి తిప్పేసింది. అప్పణ్ణుంచీ గవరయ్య ఏం మాట్లాడినా ముక్కుతోనే వచ్చేది. సీమంతటికీ ఫ్రెంచి పండితుడు అతనే అయింది అలా.

ఆ ఏడు శివరాత్రి వారంలో ఉందనగా గవరయ్య గట్టు మీద సభ పెట్టించాడు. జనాభా లెక్క ఊరికే తలలు చూసి కడితే సరిపోదన్నాడు. ఎవరికి నిజంగా ఫ్రెంచి వచ్చో, ఎవరికి రాదో పరీక్షపెట్టి తేల్చాలన్నాడు. అవతల ఫ్రెంచివాళ్ళ దేశంలో తెలిస్తే మనకెంత నామర్దా అని కూడా అన్నాడు. సభలో ఒక్కరికీ ఆ మాట నచ్చలేదు. కానీ వద్దంటే తమకి రాదని తేలిపోతుందేమోనని ఎవరికి వాళ్ళు భయపడ్డారు. పరీక్ష పెట్టాల్సిందేనని అందరూ కలిసి, ముక్కుతో, అన్నారు.

ముందుగా ఏటి పక్కవాళ్ళని పిలిచాడు. పంది పడిశంతో వచ్చి ఒక్క చీదు చీదింది. మొదటి తరగతి అన్నాడు గవరయ్య. పీతలు అడిగినదానికి బదులు చెప్పకుండా డెక్కలు పైకెత్తి నిలబడ్డాయి. మాట్లాడనివాడి ఉచ్చారణలో తప్పు పట్టలేమని వాటన్నిటినీ ప్యాసు చేశాడు. బురదచేపలు గెంతాయి. ఆ గెంతడంలో మంచి యాస ఉందన్నాడు.

తర్వాత మడుగు పక్క వంతు. మంగతాయారు అనే గేదె కొత్తగా ఈనిన దూడని వెంటబెట్టుకుని వచ్చింది. గవరయ్య మెడ సాచి ముక్కుతో పొడుగ్గా ఏదో అన్నాడు.

"ఏమన్నావు?" అంది మంగతాయారు.

"అదేనమ్మా, తెలియలేదు కదా. తప్పావు."

"మా అమ్మ ఈ మడుగులోనే ఈనింది. నేనూ ఇక్కడే ఈనాను. ఏ దూడా ఫ్రెంచిలో అరుస్తూ పుట్టలేదు నాయనా."

"అందుకే ఈ సీమ ఇలా వెనకబడిపోయింది," అని గవరయ్య బాధపడ్డాడు.

కప్పల దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చింది. ఎవర్ని పిలిచినా అన్నీ ఒకేసారి పలికేవి, అదీ అచ్చం ముక్కుతో. యాస చూస్తే దొరలే మళ్ళీ దిగారేమో అన్నట్టుంది. గవరయ్య కాసేపు తోకతో నేల తుడిచి, ఫ్రెంచివాళ్ళు కప్పల్ని వండుకు తింటారనీ, కంచంలోకి వచ్చేది జనాభాలోకి రాదనీ తేల్చాడు.

కప్పల పెద్ద సన్యాసప్ప, అరిచి అరిచి గొంతు పోయిన ముసలి కప్ప, ముందుకొచ్చాడు. "ఆయ్, తినేవాళ్ళు ఇక్కడెవరూ లేరు కదండీ. మరి మేం ఎవరి కంచంలో ఉన్నట్టండీ?"

"కంచం ఇక్కడ లేకపోవచ్చు. నువ్వు ఉన్నావుగా. లెక్క లెక్కే."

చివరికి ఎద్దు బుల్లెబ్బాయి వచ్చి నిలబడ్డాడు. గవరయ్య ఇంకా నోరు తెరవకముందే, తనకి ఫ్రెంచి రాదని నెమ్మదిగా చెప్పేశాడు. సభంతా తలలు దించుకుంది. అంతటివాడు అంత మాట అందరి ముందూ అనేశాడని మంగతాయారు చెవులు మూసుకుంది. గవరయ్య మాత్రం లోలోపల గంతులేశాడు. ఏటి పక్కే గెలిచింది. అమావాస్య దగ్గరపడుతోంది.

బుల్లెబ్బాయి నెమరువేయడం ఆపి అడిగాడు. "తలుపు అప్పగిస్తాను. మరి నువ్వు మాట్లాడే ఫ్రెంచి, ఆ దేశం వాళ్ళు మాట్లాడేది, రెండూ ఒకటేనా గవరయ్యా?"

"అక్కడివాళ్ళకంటే నాది ఒక పిసరు బాగుంటుందేగానీ తగ్గదండి. ఆవిడ మాటే నా మాట," అని మడుగు కేసి ముట్టె ఎత్తి చూపించాడు గవరయ్య.

ఆవిడంటే మదాంగారు. ఏటా చలికాలం మడుగులో దిగి, ఎండలు రాకముందే ఎగిరిపోయే వలస బాతు. వాళ్ళ దేశంలో నెలవంకలా వంగిన పెద్ద సరస్సు ఒకటుందనీ, ఒక కొసన ఏరు బురదతో దాంట్లోకి దిగి, రెండో కొసన తేటగా బయటపడుతుందనీ, ఒడ్డున ఊళ్ళవాళ్ళంతా ఫ్రెంచే మాట్లాడతారనీ సీమలో అందరికీ తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఎందుకంటే ఆవిడతో ఎవరూ మాట్లాడింది లేదు. కనబడితే దూరాన్నుంచే బోంజూరు అనడం, ఆవిడ బదులు చెప్పేలోగా గుబుర్లోకి దూరిపోవడం. గవరయ్య రోజూ పొద్దున్నే గట్టు మీద నిలబడి ఆవిడకేసి తల ఊపేవాడు. ఇద్దరూ గంటలకొద్దీ కబుర్లాడుకుంటారని ఊరంతా చెప్పుకునేవారు. కాదని అతనెందుకంటాడు?

"అయితే ఆవిడ నీతో ఒక్క నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు. తలుపు నేనే ఎత్తి నీ కాళ్ళ దగ్గర పెడతాను," అన్నాడు బుల్లెబ్బాయి.

ఈ ఎదురుపరీక్ష గవరయ్య లెక్కలో లేదు. అయినా అతని బుర్ర ఊరుకునే రకం కాదు. ఆవిడకి తెలుగు రాదు, వీళ్ళకి ఫ్రెంచి రాదు, మధ్యలో ఉన్నది తను. ఆవిడేమన్నా వ్వి అంటే సరి. అవునన్నవాడితో ప్రపంచంలో ఎవరూ దెబ్బలాడరు. ఏమందని తర్వాత వీళ్ళడిగితే తనకి కావలసింది చెప్పుకోవచ్చు. ఇంత తేలికైన పరీక్ష తను కూడా పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మదాంగారు గట్టెక్కింది. మెడ నిక్కించి గవరయ్య ఎదురుగా నిలబడి మాట్లాడింది. గులకరాళ్ళ మీద నీళ్ళు దొర్లినట్టు ఏదో ఒకటి మొదలై, ఎక్కడో పైకి లేచి ఆగింది. ప్రశ్నే అని గవరయ్య పసిగట్టాడు. వ్వి అన్నాడు. ఆవిడ ఇంకొంచెం పొడుగ్గా ఇంకోటి అడిగింది. వ్వి అన్నాడు, ఈసారి కళ్ళు మూసుకుని. మూడోది అడిగినప్పుడు ఆవిడ మొహంలో ఆశ్చర్యంలాంటిది కనబడింది. మెచ్చుకుంటోంది కాబోలనుకుని వ్వి, వ్వి అని రెండుసార్లు అని, పైన మెర్సీ కూడా వేశాడు. పీతలు డెక్కలెత్తాయి. పంది ఆనందంతో చీదింది.

"ఏమడిగిందేమిటి?" అన్నాడు బుల్లెబ్బాయి.

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. తన ఫ్రెంచి విని ఆవిడకి పుట్టిల్లు గుర్తొచ్చిందట. ఇంత చదువున్నవాడికి ఇన్నాళ్ళూ తలుపు ఎందుకివ్వలేదని అడిగిందట. ఇస్తే తీసుకుంటావా అందట, పోనీ మీ మాట కాదనలేనని తను ఒప్పుకున్నాడట.

మదాంగారు తలని ఒక పక్కకి వాల్చి విని, "అదేంటి బుల్లెబ్బాయిగారూ, నేనడిగింది అది కాదండీ," అంది. అచ్చమైన గోదావరి తెలుగులో.

ఆవిడకి తెలుగొచ్చా అని సన్యాసప్ప నోరెళ్ళబెట్టాడు.

"ఇన్నేళ్ళుగా వస్తున్నాను, రాదూ మరి? మీరేమో బోంజూరు అనేసి పారిపోతారు. ఈయనొక్కడే తనకి ఫ్రెంచి రాదని చెప్పి దగ్గరకొచ్చి కూర్చుని, దాణా సంగతీ, దోమల సంగతీ చెబుతుండేవాడు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నిన్న కూడా వచ్చి, రేపు ఆ నక్కని మీ భాషలో ఏదో ఒకటి అడుగమ్మా, ఏదైనా ఫర్లేదన్నాడు."

బుల్లెబ్బాయి గట్టు మీద గడ్డి కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతకీ ఏమడిగారమ్మా?" అంది మంగతాయారు.

"నువ్వు మా సరస్సు ఒడ్డున పుట్టినవాడివేనా అన్నాను. అవునన్నాడు. ఇక్కడ చుట్టపుచూపుగా ఉంటున్నావా అంటే దానికీ అవునన్నాడు. మరి నేను ఇవాళే బయల్దేరుతున్నాను, నాతో వచ్చేస్తావా అన్నాను. పాపం, ఎన్నాళ్ళుగా బెంగ పెట్టుకున్నాడో, రెండుసార్లు అవునని మెర్సీ కూడా చెప్పాడు."

సన్యాసప్ప తేరుకుని లేచాడు. చుట్టపుచూపుగా వచ్చినవాడు కట్టిన జనాభా లెక్క చెల్లదన్నాడు. ఆ మాటకి మడుగంతా బెకబెకమంది. ఏటి పక్కవాళ్ళు కూడా కాదనలేకపోయారు. పైదేశం వాడికి తూము అప్పగిస్తారా ఎవరైనా?

బుల్లెబ్బాయి గవరయ్య పక్కకొచ్చి, అతనికొక్కడికే వినబడేలా అన్నాడు. "ఇప్పటికైనా మించిపోలేదు. ఫ్రెంచి రాదని ఒక్క ముక్క చెప్పు. తలుపు ఎలాగూ నాదే అనుకో, కానీ ఇక్కడే మాతోనే ఉండు. ఎవరూ ఏమీ అనరు. నేను చెబితే నన్నేమైనా అన్నారా?"

గవరయ్య చుట్టూ చూశాడు. ఒక పక్క మడుగు, నిండా చేపలు. ఇంకో పక్క ఏరు, తను పుట్టిన బొరియ, ముక్కు తిప్పేసినా సొంతవాళ్ళయిన పీతలు. చెప్పాల్సింది చిన్న మాట. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అందరూ తనకేసే చూస్తున్నారు, పంది అయితే కళ్ళనిండా భక్తితో చూస్తోంది. ఆ మాట ముక్కులో ఎక్కడో అడ్డం పడింది.

"నిజమే," అన్నాడు గవరయ్య. "మా ఊరు వెళ్ళి చాలా కాలమైంది."

సాగనంపడానికి సీమంతా గట్టెక్కింది. పంది ఏడ్చింది. పీతలు దారికి తినమని తమ బంధువుల్లో కొందర్ని ఇవ్వబోయి, వాళ్ళు ఒప్పుకోక మానుకున్నాయి. మంగతాయారు చలిదేశమట జాగ్రత్త నాయనా అని నిజంగానే చెప్పింది. మదాంగారు రెక్కలు విదిల్చి ఆకాశంలోకి లేచి, ఎగువ దారి పట్టింది. గవరయ్యకి రెక్కలు లేవు గనక కింద గట్టు వెంబడి నడక మొదలుపెట్టాడు. వంపు వంపుకీ ఆవిడ పైనుంచి, అలసిపోయావా, వెనక్కి వెళ్ళిపోతావా అని జాలిగా, ఫ్రెంచిలో, అడుగుతూనే ఉంది.

అతను తల ఎత్తి వ్వి, వ్వి అంటూ ముందుకే నడుస్తున్నాడు.

నీతి: తెలియదని చెప్పడం నేర్చుకోనివాణ్ణి, వాడు తెలుసని చెప్పుకున్నదే ఊరు దాటించి వస్తుంది.