చెంపతో చూసిన బొంత

అనగనగా, చలికాలం వస్తే పొద్దు కూడా బద్ధకంగా లేచే ఒక కొండ రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఒక రాణి. పెళ్ళయిన పన్నెండేళ్ళకు వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. పాపం, నెలలు నిండకుండానే పుట్టింది. దోసిట్లో పట్టేంత పిల్ల.

పట్టుగుడ్డ కప్పితే జారిపోయేది. కంబళి కప్పితే గుచ్చుకుని ఏడ్చేది. నిద్ర లేదు. నిద్ర లేక పాలు తాగే ఓపిక లేదు. "వెచ్చగా నిద్రపట్టకపోతే నా మందులేవీ పనిచేయవు మహారాజా" అని రాజవైద్యుడు చేతులెత్తేశాడు.

రాణి పైడమ్మకు కబురు పెట్టింది. పైడమ్మ బొంతలు కుట్టే మనిషి. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పిల్లల్ని పెంచిన తల్లులు కట్టి కట్టి మెత్తబడిన చీరలతోనే పసిబిడ్డకు బొంత కుట్టాలి. పైడమ్మ తొమ్మిదిళ్ళు తిరిగి తొమ్మిది చీరలు తెచ్చింది. లోపలి పొరలకు కొంత గుడ్డ తీసిపెట్టింది. మిగిలినది ముక్కలు చేసి, రంగుకు రంగు కలిపి, ఆరు రోజులు వంచిన నడుము ఎత్తకుండా పైగుడ్డ అతికింది.

ఊదా పక్కన పసుపు, పసుపు పక్కన చిలకపచ్చ. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంత అందంగా కుదిరినదాన్ని లోపలి పొరలతో కలిపి ఏ కుట్టుతో కుట్టాలి? పాత చీర కదా, ఒకసారి కుట్టి విప్పితే చిల్లులు పడిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టి అతికేదాకా ఆ పిల్ల ఆగుతుందా? పైడమ్మకు భయం వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆడిన సూది ఆ రోజు ఆడలేదు.

సలహాలకేం, పిలవకుండానే వస్తాయి.

మొదట జరీ పని చేసే అనంతాచారి వచ్చాడు. "దీనిమీద జరీతో నెమళ్ళు కుట్టాలి పైడమ్మా! బారసాలకు పొరుగు రాజులొస్తారు. కళ్ళు చెదిరిపోవాలి" అన్నాడు. పైడమ్మ మిగిలిన పేలికలు పొరలుగా పేర్చి, జానెడు ముక్క మీద నెమలిని కుట్టి చూసింది. నిజంగానే కళ్ళు చెదిరాయి.

తరువాత కోటలో బట్టల కొట్టు చూసే కామరాజు వచ్చాడు. "నెమళ్ళెందుకు? కుట్టు పక్కన కుట్టు, సందు లేకుండా కుట్టు. నువ్వు పడిన కష్టం కనబడాలి. నూరేళ్ళయినా చెక్కుచెదరకూడదు" అన్నాడు. ఆమె రెండో ముక్క అలా కుట్టింది. ఎంత లాగినా అది చెక్కుచెదరలేదు.

ఆ తరువాత ఆమె ఆడపడుచు గున్నమ్మ వచ్చింది. "ఏటొదినా, ఇంత సక్కటి గుడ్డ మీద ఎవులైనా సూది పెడతారేటి? నాలుగు మూలలా నాలుగు కుట్లేసి ఒదిలెయ్" అంది. పైడమ్మ మూడో ముక్క అలాగే చేసింది. దాని అందం దానికే ఉంది.

మూడూ బాగున్నాయి. అదే ఆమెకు మరింత కష్టమైంది. ఆలోచించి ఆలోచించి తల వాచిపోయి, మిట్టమధ్యాహ్నం ఆ ముక్కల మీదే తల పెట్టుకుని ఒరిగింది. చెంపకేదో చుర్రుమంది. లేచి చూస్తే, నెమలి ముక్క వెనక్కి తిరిగి ఉంది. వెనకంతా జరీ ముళ్ళు.

పైడమ్మ నుదురు కొట్టుకుంది. "ఓసి నా బుద్ధి కాలా! ఇన్నాళ్ళూ అందరం పైనుంచే చూస్తన్నాం. కింద పడుకునేది ఆ పిల్ల కదా!"

ఇక ఆలోచించలేదు. మెత్తని నూలు దారం తీసింది. రెండేసి వేళ్ళ ఎడంతో సాదా వరసలు వేసింది. ముడులన్నీ పొరల మధ్యలోకి దాచేసింది. మర్నాటికల్లా బొంత పూర్తయింది.

కోటలో దాన్ని విప్పి పరిచేసరికి అనంతాచారి పకపకా నవ్వాడు. "గోనెసంచి కుట్టినట్టుంది!" అన్నాడు. కామరాజు పెదవి విరిచాడు. రాజు ముఖం చిన్నబోయింది.

"ఏమమ్మా, యువరాణికి ఇదా?" అన్నాడు రాజు.

పైడమ్మ తనతో తెచ్చిన మూడు ముక్కలూ బొంత పక్కన పెట్టింది. "మారాజా, బారసాల కోసమయితే కళ్ళతో చూడండి. బిడ్డ కోసమయితే కళ్ళు మూసుకుని చెంపతో చూడండి."

రాజు కళ్ళు మూసుకున్నాడు. ఆమె నెమలి ముక్కను తిరగేసి ఆయన చెంపకు ఆనించింది. రాజు ఉలిక్కిపడ్డాడు. చెంప మీద ఎర్రటి గీత పడింది. కామరాజు చెప్పిన ముక్క పెట్టింది. "చెక్కముక్క పెట్టావా?" అన్నాడు రాజు. గున్నమ్మ చెప్పిన ముక్కను నాలుగుసార్లు దులిపి పెట్టింది. "మెత్తగానే ఉంది గానీ, ఒకపక్క ఉండకట్టి, ఒకపక్క పలచగా ఉందేం?" అన్నాడు. లోపలి పొరలన్నీ అప్పటికే ఓ మూలకు చేరాయి మరి!

చివరికి బొంత అంచు చెంప కింద పెట్టింది. రాజు తల ఎత్తనే లేదు. సభంతా ఆయన్నే చూస్తోంది. ఆఖరికి రాణి ఆయన భుజం తట్టి, "ఇక లేవండి. అది మీకు కాదు, పిల్లకు" అంది.

బిడ్డను అందులో చుట్టారు. రెండుసార్లు ఏడ్చింది, ఒకసారి వెక్కింది, నిద్రపోయింది. సాయంత్రం లేచి, పుట్టాక మొదటిసారిగా కడుపునిండా పాలు తాగింది. రాణి పైడమ్మ చేతులు రెండూ పట్టుకుని వలవలా ఏడ్చింది. పైడమ్మ కూడా ఏడ్చింది.

బారసాలకు పొరుగు రాజులు వచ్చారు. ఉయ్యాలలోకి తొంగిచూసి, "ఏమిటీ, యువరాణి బొంతకు ఇంత సాదా కుట్టా?" అన్నాడొక రాజు.

మన రాజు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"హుష్! నెమ్మదిగా మాట్లాడండి. పిల్ల నిద్రపోతోంది."

కాబట్టి పిల్లలూ, చేసిన పని బాగుందో లేదో చూసి మెచ్చుకునేవాళ్ళను కాదు, దానితో రోజూ బతికేవాళ్ళను అడగాలి.