పేరు అడగని గుమ్మం

అది జ్వరాల కాలం. రాజుగారి వైద్యశాల గుమ్మం దగ్గర కాపలా ఉండే నూకాలుకి కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. వచ్చినవాళ్ల పేరు, ఊరు, జబ్బు అడిగి లేఖకుడికి గట్టిగా చెప్పాలని మంత్రి విరూపాక్షయ్య ఆజ్ఞ. అడగ్గానే సగంమంది వెనక్కి తిరిగిపోతున్నారు. ఆ పొద్దున ఒక చూలాలు కూడా వణుక్కుంటూనే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రాజుగారు మంత్రిని వెంటబెట్టుకుని వచ్చి, "రోగులేరీ?" అని అడిగారు.

"తమ పాలనలో రోగాలు తగ్గాయి, ప్రభూ," అన్నాడు మంత్రి.

నూకాలు నీరసంగా చేతులు జోడించింది. "మంత్రిగారూ, ఎవరినీ వదలొద్దన్నారు కదా. తమకేమైనా జబ్బుంటే లేఖకుడికి చెప్పి లోపలికి వెళ్లండి బాబయ్యా."

మంత్రి ముఖం కందిపోయింది. "నలుగురిలో అడిగే మాటా అది?"

"వాళ్లూ అదే అనుకుని వెళ్లిపోతున్నారు బాబయ్యా."

రాజుగారు ఆలోచనలో పడ్డారు. "ఎంతమంది వస్తారో తెలియకపోతే మందు ఎంత కాచాలి?"

"ఎంతమందో తెలిస్తే చాలు కదా ప్రభూ. గుమ్మంలో కుండ పెడతాను. లోపలికి వెళ్లే ప్రతివాళ్లూ ఒక చింతగింజ వేస్తారు. ఎవరు వేశారో మనకెందుకు?"

రాజుగారు సరేనన్నారు. కొన్నాళ్లకే వైద్యశాల నిండిపోయింది.

మళ్లీ వచ్చినప్పుడు రాజుగారు గొంతు తగ్గించి, "మంత్రి కూడా వచ్చాడటగా. ఏమిటట జబ్బు?" అన్నారు.

"ఎవరొచ్చారో నాకు తెలియదు ప్రభూ. గింజలు మాత్రం చాలా పడ్డాయి," అంటూ నూకాలు నడుం పట్టుకుని మెల్లిగా లేచి, ఇంకాస్త మందు కాచమని చెప్పడానికి లోపలికి వెళ్లింది.