తెల్ల బొంత మీద నూనె చుక్క

దస్తగిరమ్మ మిషను మంగళవారం నుంచి నడవడం లేదు. నడుస్తోందిలే గానీ, దాన్ని నడక అనరు. ఈడ్చుకుంటూ పోతోంది.

మాది ఆదోనిలో బొంతల షాపు. లాలప్ప తాతది. వాళ్ళ నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. తాత కూడా మోకాళ్ళు అరిగేదాకా అదే చేశాడు. ఇప్పుడు దూది మిల్లులోనే ఏకి వస్తుంది, బొంతను మిషను కుడుతుంది. ఆ మిషనును మేం ఏనుగు అంటాం. మామూలు కుట్టుమిషను అయితే గుడ్డను సూది కిందికి మనం తోస్తాం. ఇందులో బొంత మంచమంత చట్రానికి బిగించి ఉంటుంది. తొండం లాంటి పొడుగు చెయ్యి ఉన్న మిషనే పట్టాల మీద అటూ ఇటూ తిరుగుతుంది. పిడులు పట్టుకుని దాన్ని తోలేది దస్తగిరమ్మ. నేను పక్కన కూర్చుని అంచులు కుడతా. పని ఆమెది, నోరు నాది అంటారు షాపులో. అననీ.

అప్పుడు చట్రం మీద ఉన్నది సుంకమ్మ బొంత. వాళ్ళమ్మ కట్టిన ఏడు తెల్ల చీరలు కోసి, ముక్కలు అతికి, పైగుడ్డ చేసింది దస్తగిరమ్మ.

చీరల మూట ఇచ్చిన రోజు సుంకమ్మ కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "అమ్మ పోయి రెండు నెల్లయింది. ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు. ఆమెవి ఇంగేం మిగల్లేదక్కా, ఈ చీరలే. కప్పుకుంటే కన్ను మూతపడతాదేమో. జాగ్రత్త" అని చెప్పి పోయింది.

ఆ జాగ్రత్త అన్న మాట దస్తగిరమ్మ గుండెలో ముల్లులా దిగింది. వేరే బొంత చెడితే వేరే గుడ్డ తెస్తాం. ఇది చెడితే పోయినామె దగ్గరికి పోయి ఇంకో చీర ఇయ్యమ్మా అని అడుగుతామా?

శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతానంది సుంకమ్మ. గురువారం పొద్దుటికి బొంత సగం కూడా కాలేదు.

దస్తగిరమ్మ చూడాల్సినవన్నీ చూసింది. వైరు చూసింది. స్పీడు మీట చివరిదాకా తిప్పింది. బెల్టు నొక్కి చూసింది. సూది మార్చింది. పట్టాల మీది దూది తుడిచింది. ఊహూ. పైగా గరగరమని శబ్దం ఒకటి పుట్టింది. దారం తెగడం మొదలైంది. నాలుగోసారి తెగినప్పుడు ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"హుసేనక్కా, ఇది గుడ్డను పట్టి చింపుతాదేమో" అంది నా చెవి దగ్గర, మిషను వింటుందేమో అన్నట్టు.

"తాతను పిలువు మే. మిషను ముందర ఏడిస్తే నడుస్తాదా?" అన్నా. అన్నానే గానీ నాకూ భయమేసింది. అంతకుముందు ఒకసారి ఇట్లే గరగరలాడి, జానెడు గుడ్డను పరపరా చీల్చింది ఆ ఏనుగు.

తాత వచ్చి ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, "నడుపు" అన్నాడు.

ఆమె నడిపింది. గరగర. గరగర.

"దూది తుడిచినావా?"

"తుడిచినా తాతా."

"బెల్టు?"

"చూసినా."

"నూనె?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి పైట సర్దుకుంది. "రోజూ వేస్తాండా తాతా. పొద్దున్నే షటిల్‌లో ఒక చుక్క."

తాత కళ్ళు తెరిచి గూట్లో ఉన్న నూనె డబ్బా వైపు చూశాడు. నేనూ చూశా. మా షాపులో గాలినిండా దూది ఎగురుతూనే ఉంటుంది. రోజూ చెయ్యి పడని వస్తువు ఏదున్నా దాని మీద నూగు పేరుకుంటుంది. డబ్బా మూతికి తెల్లగా, మెత్తగా, తాత గడ్డమంత నూగు వేలాడుతోంది. సుంకమ్మ మూట వచ్చి మూడు వారాలు. ఆ గడ్డం వయసూ అంతే.

నా నోరు ఊరుకునేది కాదు. ఆ రోజు మాత్రం పెగల్లేదు. తాతకు అబద్ధం చెప్పినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

తాత లేచి డబ్బా తెచ్చాడు. మూతికున్న నూగును వేలితో తీసేశాడు. డబ్బా ఆమె చేతికిచ్చాడు.

"ఈ పొద్దుటిది వెయ్యి" అన్నాడు.

షటిల్ అంటే సూది కింద బాబిన్ తిరిగే చోటు. గుడ్డకు ఆనుకునే ఉంటుంది. నూనె వెయ్యాలంటే బొంత మీదుగా వంగి, డబ్బాను అవతలి పక్క నుంచి కిందికి దించాల్సిందే. దస్తగిరమ్మ వంగింది. కింద తెల్లని గుడ్డ, పైన డబ్బా మూతి. చెయ్యి గడగడా వణకడం మొదలుపెట్టింది. డబ్బాను వెనక్కి లాక్కుని, నేల మీద పెట్టి, అక్కడే కూలబడింది.

"వెయ్యలే తాతా. మూడు వారాలైంది, వెయ్యలే. అబద్ధం చెప్పినా."

తాత మళ్ళీ పీట మీద కూర్చున్నాడు.

"ఇంతకుముందు పనిచేసిన షాపులో ఒక్క చుక్క పడింది తాతా. పెళ్ళికి కుట్టే పెద్ద బొంత, రజాయి. అందరినీ పిలిచి చూపించినారు. ఆ రజాయి నా నెత్తిన కప్పి వీధి చివరిదాకా నడిపించినారు. లోపల చీకటి. బయట నవ్వులు. ఆ పొద్దు నుంచి డబ్బా ముట్టుకుంటే చేతికి వణుకొస్తాది. కళ్ళు మూసుకుని వేస్తా ఉన్నా ఇన్నాళ్ళూ. ఈ చీరలొచ్చినాక అదీ చేతగాలే."

చుక్క పడుతుందన్న భయంతో షటిల్‌ను ఎండబెట్టి, ఇప్పుడు ఏకంగా గుడ్డే చిరిగేదాకా తెచ్చింది పిచ్చిది! అనబోయా. తాత నా వైపు ఒక చూపు చూశాడు. నోరు మూసుకున్నా.

"కోసినాక మిగిలిన ముక్కల సంచి యాడుంది?" అన్నాడు తాత.

ఇప్పుడు సంచితో ఏం పనో మాకు అర్థం కాలేదు. దస్తగిరమ్మ కళ్ళు తుడుచుకుంటూ తెచ్చింది. తాత ఒక్కో ముక్కా తీసి మోకాలి మీద పరిచాడు.

"ఇదేంది?"

"దీపం మసి తాతా."

"ఇది?"

"వక్కాకు మరక."

"ఇది?"

అది కొంగు ముక్క. దాని మీద నాలుగు వేళ్ళ పసుపు. ఉతికి ఉతికి వెలిసిపోయింది గానీ వేళ్ళు వేళ్ళుగానే ఉన్నాయి.

"పసుపు. వంట చేస్తా చేస్తా చెయ్యి తుడుచుకున్నట్టుంది."

"వీటిని తీసెయ్యమని సుంకమ్మ చెప్పిందా?"

"లేదు. మరకలు గదా. మనమే చేసినామంటారేమో అని భయమేసి, నేనే కోసేసినా."

తాత సూది నా చేతికిచ్చి దారం ఎక్కించమన్నాడు. ఎక్కించి ఇచ్చా. కొంగు ముక్కను చట్రం దగ్గరికి తీసుకుపోయి, బొంతకు నట్టనడుమ పెట్టి, చేతిసూదితో నాలుగు పక్కలా కుట్టడం మొదలుపెట్టాడు. మచ్చ లేని తెల్లటి గుడ్డ మధ్యలో ఆ పసుపు వేళ్ళు!

"తాతా, వద్దు! సుంకమ్మ చూస్తే?" అంది దస్తగిరమ్మ.

"చూడనీ" అన్నాడు.

కుట్టడం అయినాక నేల మీది డబ్బా తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాడు. పిడి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

ఆమె వంగింది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఒక చుక్క షటిల్‌లో పడింది. రెండోది జారి, పసుపు వేళ్ళకు బెత్తెడు దూరంలో బొంత మీద పడింది.

"యా మౌలాలీ!" అని అరిచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగున పోయి సుద్దపొడి తెచ్చి చల్లి, గుడ్డతో అద్ది అద్ది తీశా. చాలామటుకు పోయింది. శనగబద్దంత నీడ మాత్రం మిగిలింది. ఇంక పోనంది.

"నడుపు" అన్నాడు తాత.

కాసేపు గరగరలాడింది. తర్వాత ఆ శబ్దం సన్నబడింది. తర్వాత లేదు. ఏనుగు పట్టాల మీద జోరుగా పోతోంది. మాపటికి బొంత పూర్తయింది. దస్తగిరమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

శుక్రవారం నమాజుకు పోయిన తాత తిరిగొచ్చేసరికి సుంకమ్మ గడపలో నిలబడి ఉంది. చాప పరిచి, దాని మీద బొంత పరిచా. దస్తగిరమ్మ మిషను వెనకాల పిడులు పట్టుకుని నిలబడింది.

సుంకమ్మ చాప అంచున కూర్చుని బొంత మీద చెయ్యి వేసింది. అట్లా తడుముతూ తడుముతూ నట్టనడుమకు వచ్చేసరికి చెయ్యి ఆగింది.

పసుపు మరక మీద తన నాలుగు వేళ్ళూ పెట్టింది.

"అన్నం వండి చెయ్యి ఇట్లే తుడుచుకునేది మా అమ్మ" అంది. "తెల్ల చీరకు తుడుస్తావేందని ఎన్నిసార్లు కసురుకున్నానో. ఒక్కసారి కూడా తిరిగి మాటనలే." భోరున ఏడ్చింది. మేం ఏడవనిచ్చాం.

ఏడుపు తెరిపినిచ్చినాక ఆమె వేలు పక్కకు జరిగి, శనగబద్దంత నీడ దగ్గర ఆగింది.

"ఇదేం మరక? ఇది అమ్మది గాదే."

దీపం నూనె అని చెబితే పోయేది. ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. తాత గడ్డం నిమురుకుంటూ వీధిలోకి చూస్తున్నాడు.

దస్తగిరమ్మ పిడులు వదిలి ముందుకొచ్చింది.

"అది నాది అక్కా. మిషను నూనె. నా చెయ్యి వణికింది."

చెప్పి తల వంచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. పైన ఎవరో ఏదో కప్పబోతున్నట్టు భుజాలు దగ్గరికి ముడుచుకుంది.

సుంకమ్మ ఆమెను చాలాసేపు చూసింది.

"ఎందుకు వణికింది?"

"మీ అమ్మ చీర గదక్కా."

సుంకమ్మ బొంతను రెండు చేతులా మెడదాకా లాక్కుని, "కొంచేపు" అంటూ ఆ చాప మీదే ఒరిగింది. సూదిలో దారం ఎక్కించేంత సేపట్లో ఆమెకు గురక పట్టింది. ఇంచుమించు మూడు నెలల నిద్ర!

చట్రం మీద ఇంకో బొంత బిగించి ఉంది. అదీ తెల్లదే. సాయంత్రానికి అయిపోవాలి. దస్తగిరమ్మ దాని వైపు చూసి, గుసగుసగా అంది. "ఆమె లేచేదాకా మిషను ఆపుదాం తాతా. చప్పుడుకు లేస్తాది."

తాత గూట్లోంచి నూనె డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంగొక చుక్క వెయ్యి. లేవదు" అన్నాడు.

దస్తగిరమ్మ డబ్బా వైపు చూసింది. సుంకమ్మ వైపు చూసింది. తెల్ల గుడ్డ మీదుగా వంగింది. చెయ్యి వణకలేదని నేను చెప్పను. వణికింది. వేసింది.

ఏనుగు కదిలింది. సుంకమ్మ అటు తిరిగి పడుకుంది.